రియాసీ లిథియం ఎవరికి దక్కుతుంది? ఇప్పుడే ఏ షేరు పట్టుకోవాలి?

#1 పెన్నీ_పులి · 10 ఫిబ్రవరి 2023
నిన్న జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) ప్రకటన చూశారుగా. జమ్మూ కశ్మీర్‌లో రియాసీ జిల్లా, సలాల్-హైమానా దగ్గర 59 లక్షల టన్నుల లిథియం. పొద్దున్నుంచీ నా ఫోన్లో ఇదే గోల. టన్ను 57 లక్షల చొప్పున లెక్కేస్తే 33 లక్షల కోట్లు దాటుతోంది. ఇంత సొమ్ము భూమిలో పెట్టుకుని ప్రభుత్వం ఊరుకోదు, ఎవరో ఒకరి చేతిలో పెట్టాలి. ఆ ఎవరో ఎవరన్నదే నా ప్రశ్న. నేను రాసుకున్న పేర్లు: ఎన్‌ఎండీసీ, నాల్కో, హిందుస్థాన్ కాపర్, వేదాంత, జీఎండీసీ. వీటిలో దేనికి ఛాన్స్ ఎక్కువ? సోమవారం మార్కెట్ తెరిచేలోపు చెప్పండి. "లాంగ్ టర్మ్‌లో ఇండెక్స్ ఫండ్ మంచిది" అనే వాళ్లు వేరే థ్రెడ్‌కి వెళ్లగలరు.

#2 మార్కెట్_మామయ్య · 10 ఫిబ్రవరి 2023
వేదాంత. ఇంకో మాట లేదు. జింకు, అల్యూమినియం, ఆయిల్, ఇనుము అన్నీ ఉన్నాయి, లిథియం ఒక్కటే తక్కువ. వేలం పెడితే ముందు వరసలో కూర్చునేది వాళ్లే.

#3 అనకాపల్లి_అరుణ · 10 ఫిబ్రవరి 2023
మామయ్యగారూ, అది సరిహద్దు ప్రాంతం. అక్కడ ప్రైవేటు వాళ్లకి అంత తేలిగ్గా ఇస్తారా? నా ఓటు ప్రభుత్వ రంగంలోని నాల్కోకి. నాల్కో, హిందుస్థాన్ కాపర్, ఖనిజాన్వేషణ చేసే ఎంఈసీఎల్ కలిసి 2019లోనే కాబిల్ అని కంపెనీ పెట్టాయి, విదేశాల్లో లిథియం, కోబాల్ట్ వెతకడానికే. అందులో నాల్కోది 40 శాతం. పైగా సలాల్ దగ్గర దొరికింది బాక్సైట్ (అల్యూమినియం తీసే రాయి) పొరల్లో అంటున్నారు. బాక్సైట్ అంటే నాల్కోకి కొట్టిన పిండి.

#4 సీఏ_శ్రీధర్ · 10 ఫిబ్రవరి 2023
పోటీదారుల లిస్టు రాసే ముందు చట్టం ఒకసారి చూడండి. గనులు, ఖనిజాల చట్టం (ఎంఎండీఆర్) మొదటి షెడ్యూల్లో లిథియం ఈ రోజుకీ అణు ఖనిజాల జాబితాలోనే ఉంది. యురేనియం పక్కన. ప్రైవేటు కంపెనీ ముట్టుకోవడానికి వీల్లేదు. చట్టం మార్చాలి, ఆ తర్వాత రాయల్టీ రేటు తేల్చాలి, ఆ తర్వాత వేలం నోటిఫికేషన్. పులిగారు సోమవారం అంటున్నారు, ఏ సంవత్సరం సోమవారమో చెప్పలేదు.

#5 ఖమ్మం_కుర్రాడు · 10 ఫిబ్రవరి 2023
మన సింగరేణికి ఇవ్వొచ్చుగా? తవ్వకాల్లో వందేళ్ల పైన అనుభవం.

#6 మార్కెట్_మామయ్య · 10 ఫిబ్రవరి 2023
ఇస్తే మంచిదే తమ్ముడూ. కానీ సింగరేణి స్టాక్ మార్కెట్లో లేదు, నువ్వేం కొంటావు? కోల్‌బెల్ట్‌లో ప్లాటా?

#7 బండ్లగూడ_రాళ్లు · 10 ఫిబ్రవరి 2023
నేను చాలా ఏళ్లు ఈ రాళ్ల పనే చేసి రిటైరయ్యాను, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిక ఉంటే చదవండి.

ప్రకటనలో రెండు ముక్కల్ని పేపర్లు సగం మింగేశాయి. ఒకటి "ఇన్‌ఫర్డ్". అంటే ఊహించిన అంచనా మాత్రమే. రెండోది "జీ3". ఖనిజాన్వేషణలో నాలుగు మెట్లు. జీ4 అంటే పైపైన తిరిగి చూడటం. జీ3 అంటే కొన్ని నమూనాలు, కొద్దిపాటి డ్రిల్లింగ్, పొర ఎంతమేర ఉండొచ్చో ఒక ఊహ. జీ2లో దగ్గర దగ్గరగా బోర్లు వేస్తారు. జీ1 వరకు వస్తేనే ఎంత ఉంది, ఏ నాణ్యతతో ఉందన్నది గట్టిగా చెప్పగలిగేది. ఆ తర్వాత కూడా "లాభసాటిగా తీయగలమా" అనే ప్రశ్న వేరే ఉంటుంది. దానికి జవాబు వస్తేనే దాన్ని రిజర్వ్ అంటారు. ఇప్పుడున్నది రిసోర్స్, అదీ కింద నుంచి రెండో మెట్టు.

ఇంకోటి. ఇది నిన్న కొత్తగా కనిపెట్టింది కాదు. సలాల్ ప్రాంతంలో లిథియం ఉందని, ఆశాజనకంగా ఉందని 1999 నాటి జీఎస్‌ఐ రిపోర్టులోనే ఉంది. అప్పుడు లిథియం ఎవరికీ అక్కర్లేదు, అంతే.

అసలు అనుమానం చెప్తాను. 59 లక్షల టన్నులు అన్నది లిథియం లోహమా, లిథియం ఉన్న రాయా? బాక్సైట్ పొరలో లిథియం టన్నుకి గ్రాముల లెక్కన ఉంటుంది. పూర్తి కాగితాలు బయటికి వచ్చేదాకా ఆ 33 లక్షల కోట్లు పక్కన పెట్టండి.

#8 పెన్నీ_పులి · 10 ఫిబ్రవరి 2023
సార్, అన్ని చానెళ్లూ చిలీ తర్వాత మనమే అంటున్నాయి. చిలీకి 90 లక్షల టన్నుల పైన, ఆస్ట్రేలియాకి 60 లక్షల దరిదాపు, మనకి 59. అందరూ తప్పు, మీరొక్కరే కరెక్టా?

#9 బండ్లగూడ_రాళ్లు · 10 ఫిబ్రవరి 2023
చిలీ లెక్క లోహం లెక్క, అదీ తీయగలమని తేలినది. మనది ఏ లెక్కో ఎవరూ అడగలేదు. నేను అడుగుతున్నది అదే.

#10 అనకాపల్లి_అరుణ · 10 ఫిబ్రవరి 2023
సోన్‌భద్ర గుర్తుందా? 2020 ఫిబ్రవరి. యూపీలో 3 వేల టన్నుల పైన బంగారం అని దేశమంతా ఊగిపోయింది. తర్వాత జీఎస్‌ఐ వాళ్లే బయటికొచ్చి అది మేం చెప్పింది కాదు, తేలింది 160 కిలోల చిల్లర అన్నారు. టన్నులకి కిలోలు! అందుకని రాళ్లుగారి అనుమానం కొట్టిపారేయకండి. అయినా నా ఓటు నాల్కోకే :)

#11 తుగ్గలి_రాజు · 11 ఫిబ్రవరి 2023
మాది జొన్నగిరి పక్కన. తొలకరి వాన పడితే మా చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు, మీరు టీవీలో చూసే ఉంటారు. బంగారం సంగతి కూడా అంతే పాతది. నా చిన్నప్పుడు జీపులేసుకుని సర్వే వాళ్లు వచ్చేవాళ్లు, బోర్లు వేసేవాళ్లు, రాతి కడ్డీలు పెట్టెల్లో సర్దుకుని వెళ్లేవాళ్లు. ఈసారి గని తెరుస్తారు అని మా నాయన చెప్పేవాడు. నాకిప్పుడు ఇద్దరు పిల్లలు. గని పనులు నడుస్తున్నాయి గానీ పూర్తి స్థాయి ఉత్పత్తి ఈ రోజుకీ మొదలు కాలేదు. అక్కడ కొండల్లేవు, నది లేదు, సరిహద్దు లేదు. చదును నేల, పక్కనే రోడ్డు. అయినా ఇంతకాలం పట్టింది. హిమాలయాల్లో మట్టి నుంచి లిథియం ఎప్పటికి వస్తుందో మీరే లెక్కేసుకోండి.

#12 ఫ్రిస్కో_వెంకట్ · 11 ఫిబ్రవరి 2023
అమెరికాలో ఉన్నవాళ్లకి థాకర్ పాస్ తెలిసే ఉంటుంది. నెవాడాలో పెద్ద నిక్షేపం, బంకమట్టిలో లిథియం. పదేళ్ల పైన స్టడీలు, పర్మిషన్లు, కోర్టు కేసులు. పోయిన నెల జనరల్ మోటార్స్ 65 కోట్ల డాలర్లు పెడతానంటే గానీ కదలిక రాలేదు. ఆస్ట్రేలియాలో గట్టి రాయి నుంచి తీస్తారు, చిలీలో ఉప్పునీళ్లు ఎండబెట్టి తీస్తారు, రెండూ నలిగిన దారులు. మట్టి నుంచి పెద్ద ఎత్తున, లాభానికి తీసిన వాళ్లు ప్రపంచంలో ఇంకా లేరు. కాబట్టి "ఎవరు గెలుస్తారు" కంటే "ఎవరి దగ్గర టెక్నాలజీ ఉంది" అని అడగాలి. పులిగారి లిస్టులో ఎవరి దగ్గరా లేదు.

#13 మార్కెట్_మామయ్య · 11 ఫిబ్రవరి 2023
అందరూ గని ఎప్పుడు తెరుస్తారని చూస్తున్నారు. షేరు పెరగడానికి గని తెరవక్కర్లేదయ్యా. "వేలంలో పాల్గొంటాం" అని చైర్మన్ ఒక ఇంటర్వ్యూలో అంటే చాలు, ఐదు శాతం. "పరిశీలిస్తున్నాం" అంటే మూడు శాతం. నేను ముప్పై ఏళ్ల నుంచి ఈ పరిశీలనల మీదే ఇల్లు గడుపుతున్నాను.

#14 సీఏ_శ్రీధర్ · 11 ఫిబ్రవరి 2023
#13 ఈ థ్రెడ్‌లో అత్యంత నిజాయితీ గల పోస్టు.

#15 హవల్దార్_సత్తిబాబు · 11 ఫిబ్రవరి 2023
నేను ఆ ఏరియాలో డ్యూటీ చేశాను. మాది పార్వతీపురం వైపు. సలాల్ అంటే చీనాబ్ మీద డ్యామ్ ఉన్న చోటు, 690 మెగావాట్ల కరెంటు ప్రాజెక్టు. ఆ పక్క కొండల మీదే ఈ ఊళ్లు. వైష్ణోదేవి కూడా అదే జిల్లా. టీవీలో గ్రామస్తులు బూడిదరంగు రాళ్లు పట్టుకుని చూపిస్తున్నారు, ఆ రాళ్లు వాళ్ల ఇళ్ల వెనకే ఉంటాయి. వానాకాలంలో కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోతాయి, భూకంపాల జోన్ వేరే. డ్యామ్‌లో ఇప్పటికే పూడిక సమస్య ఉంది, పైన తవ్వితే ఆ మట్టి ఎక్కడికి పోతుంది? ఇక సెక్యూరిటీ సంగతి. ఏ కంపెనీ వచ్చినా ముందు మా లాంటి వాళ్లని అడుగుతుంది, కాపలాకి ఎంత ఖర్చవుతుందని. ఆ ఖర్చు మీ ఎక్సెల్ షీట్లో ఉందా?

#16 పెన్నీ_పులి · 11 ఫిబ్రవరి 2023
సత్తిబాబు అన్నా, చీనాబ్ మీద ప్రపంచంలోనే ఎత్తైన రైలు వంతెన కడుతున్నారు అదే జిల్లాలో. 359 మీటర్ల ఎత్తు. అది కట్టగలిగినోళ్లు ఇది తవ్వలేరా?

#17 హవల్దార్_సత్తిబాబు · 11 ఫిబ్రవరి 2023
వంతెన కట్టేది ప్రభుత్వం, లాభం చూసుకోకుండా. నువ్వు కొనే షేరు లాభం చూసుకోవాలి కదా తమ్ముడూ.

#18 విజయనగరం_సుజాత · 13 ఫిబ్రవరి 2023
మా మరిది కథ చెప్తాను. శుక్రవారం ఎవరో టెలిగ్రామ్ గ్రూపులో ఒక చిన్న కంపెనీ పేరు పెట్టారట. పేరు చెప్పను. పేరు చివర "మినరల్స్" అని ఉంటుంది, అంతే దానికీ లిథియానికీ సంబంధం. తీరా చూస్తే వాళ్లు అమ్మేది పింగాణీ ఫ్యాక్టరీలకి మట్టి. ఈరోజు అప్పర్ సర్క్యూట్, అంటే ఒక్కరోజులో పెరగనిచ్చే హద్దు దాకా పెరిగింది. మా మరిది నిన్నటి నుంచీ ఇంట్లో అందరికీ చార్టు చూపిస్తున్నాడు. మా అత్తగారు "మట్టికే ఇంత రేటా" అని అడిగారు, ఆవిడ ఒక్కతే సరైన ప్రశ్న వేసింది.

#19 మోడరేటర్ · 13 ఫిబ్రవరి 2023
కొను/అమ్ము టిప్పులు, టెలిగ్రామ్ లింకులు పెడితే తీసేస్తాం. ఇప్పటికే నాలుగు తీశాను. చర్చ కొనసాగించండి.

#20 విజయనగరం_సుజాత · 22 ఫిబ్రవరి 2023
ఎక్స్ఛేంజ్ వివరణ అడిగితే ఆ కంపెనీ "లిథియంతో మాకు ఏ సంబంధం లేదు" అని రాసిచ్చింది. అప్పటినుంచి లోయర్ సర్క్యూట్, రోజూ పడనిచ్చే హద్దు దాకా పడుతోంది. అమ్ముదామంటే కొనేవాడు లేడు. మరిది చార్టు చూపించడం మానేశాడు.

#21 ఖమ్మం_కుర్రాడు · 9 మే 2023
కొత్త వార్త! రాజస్థాన్ డేగానాలో కశ్మీర్ కంటే పెద్దది దొరికిందట. దేశం అవసరాల్లో 80 శాతం తీరుతాయట.

#22 బండ్లగూడ_రాళ్లు · 10 మే 2023
అది తప్పుడు వార్త అని జీఎస్‌ఐ ప్రకటన ఇచ్చింది, చూడు నాయనా. ఇలాంటివి విన్నప్పుడల్లా మండ్య గుర్తు తెచ్చుకో. కర్ణాటకలో మర్లగళ్ల దగ్గర ముందు 14,100 టన్నులన్నారు. తర్వాత ప్రభుత్వం లెక్కల్లో అది 1,600 టన్నులయింది.

#23 సీఏ_శ్రీధర్ · 3 ఆగస్టు 2023
నిన్న రాజ్యసభలో ఎంఎండీఆర్ సవరణ పాసయింది. లిథియం, బెరీలియం, నయోబియం, టాంటలం, టైటానియం, జిర్కోనియం ఆరింటినీ అణు ఖనిజాల జాబితా నుంచి తీసేశారు. కీలక ఖనిజాల వేలం ఇక కేంద్రమే వేస్తుంది, డబ్బు మాత్రం రాష్ట్రానికే. అంటే #4లో నేను చెప్పిన అడ్డు పోయింది. ఇప్పుడు మామయ్యగారి వేదాంత కూడా రేసులోకి వచ్చినట్టే.

#24 మార్కెట్_మామయ్య · 3 ఆగస్టు 2023
నేను ఫిబ్రవరిలోనే చెప్పాను.

#25 అనకాపల్లి_అరుణ · 3 ఆగస్టు 2023
చట్టంలో 17ఎ సెక్షన్ కూడా ఉంది. ప్రభుత్వం తల్చుకుంటే వేలం లేకుండా ప్రభుత్వ రంగ సంస్థకి ఏరియా రిజర్వ్ చేయొచ్చు. ఎన్‌ఎండీసీని కూడా మర్చిపోకండి. మాసాబ్‌ట్యాంక్‌లో కూర్చున్నా ఆస్ట్రేలియాలో లెగసీ ఐరన్ ఓర్ అనే కంపెనీ చేతిలో ఉంది, అక్కడ లిథియం కూడా వెతుకుతున్నారు.

#26 ఖమ్మం_కుర్రాడు · 3 ఆగస్టు 2023
ఎన్‌ఎండీసీ మాసాబ్‌ట్యాంక్, అణు ఖనిజాలు వెతికే ఏఎండీ బేగంపేట, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ హబ్సిగూడ, రాళ్లుగారు బండ్లగూడ. ఖనిజం కశ్మీర్లో ఉంటే ఏంటి, దాని గురించి మాట్లాడేవాళ్లంతా హైదరాబాద్‌లోనే ఉన్నారు.

#27 సీఏ_శ్రీధర్ · 12 అక్టోబర్ 2023
లిథియం రాయల్టీ ఖరారైంది. లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ ధరలో 3 శాతం. వేలం ఇక ఎంతో దూరం లేదు.

#28 బండ్లగూడ_రాళ్లు · 14 డిసెంబర్ 2023
నవంబర్ 29న 20 బ్లాకులకి మొదటి విడత వేలం ప్రకటించారు, అందులో మనది ఉంది. టెండర్ కాగితాల్లో బ్లాకు పేరే చెబుతోంది సంగతి: సలాల్-హైమానా లిథియం, టైటానియం, బాక్సైట్ బ్లాకు.

ఫిబ్రవరిలో నేనడిగిన ప్రశ్నకి జవాబు ఇందులో ఉంది. 59 లక్షల టన్నులు అన్నది మొత్తం బాక్సైట్ పొర బరువు. అందులో ఉన్న లిథియం లోహం 3,400 టన్నుల పైచిలుకు. టైటానియం 70 వేల టన్నుల పైన. అంటే టన్ను రాయి తవ్వితే అర కిలో కంటే కాస్త ఎక్కువ లిథియం. అది కూడా మొత్తం తీయగలిగితే.

#29 సీఏ_శ్రీధర్ · 14 డిసెంబర్ 2023
లెక్క వేస్తున్నాను, రాళ్లుగారు సరిచూడండి. 3,400 టన్నుల లోహం అంటే కార్బనేట్ రూపంలో (మార్కెట్లో అమ్ముడయ్యేది అదే) 18 వేల టన్నులు. పోయిన ఏడాది నవంబర్లో చైనాలో టన్ను కార్బనేట్ 6 లక్షల యువాన్ల దాకా పోయింది. ఇప్పుడు లక్ష దరిదాపుల్లో ఉంది. లక్ష యువాన్లు అంటే మన 12 లక్షల లోపు. మొత్తం గుండుగుత్తగా 2 వేల కోట్లు. ఇందులో తవ్వకం, కరిగింపు, రసాయనాలు, కాపలా, పునరావాసం, రాష్ట్రానికి వాటా ఏవీ తీయలేదు. మట్టిలో ఉన్నదంతా బయటికొచ్చిందనుకుంటేనే ఈ అంకె. 33 లక్షల కోట్ల నుంచి 2 వేల కోట్లకి వచ్చాం.

#30 బండ్లగూడ_రాళ్లు · 14 డిసెంబర్ 2023
సరిగ్గానే ఉంది. ఇంకో కొలత: ఓ మాదిరి ఎలక్ట్రిక్ కారు బ్యాటరీకి ఎనిమిది కిలోల లిథియం అనుకుంటే నాలుగు లక్షల కార్లకి సరిపోతుంది. మన దేశంలో ఏటా అమ్ముడయ్యే కార్లు, అన్ని రకాలూ కలిపి, 40 లక్షల దాకా ఉంటాయి.

#31 పెన్నీ_పులి · 14 డిసెంబర్ 2023
టైటానియం 70 వేల టన్నులు ఉందిగా. దాన్ని లెక్కలో వేయరేం? ఎవరైనా టైటానియం కోసం తీసుకుని లిథియం బోనస్ అనుకోవచ్చు.

#32 బండ్లగూడ_రాళ్లు · 14 డిసెంబర్ 2023
టైటానియం కావాల్సినవాడు మన భీమిలి వైపు, కేరళ వైపు, ఒడిశా తీరం ఇసుకలో చూస్తాడు. అక్కడ టైటానియం ఖనిజం ఇల్మెనైట్ గింజలుగా విడివిడిగా ఉంటుంది, జల్లెడ, అయస్కాంతం పెట్టి వేరు చేయొచ్చు. కొండెక్కి బాక్సైట్ మరిగించక్కర్లేదు.

#33 తుగ్గలి_రాజు · 15 డిసెంబర్ 2023
ఈ 3,400 టన్నుల ముక్క ఫిబ్రవరిలో ఒక్క చానెల్ చెప్పి ఉంటే సుజాతగారి మరిది డబ్బులు మిగిలేవి.

#34 విజయనగరం_సుజాత · 15 డిసెంబర్ 2023
చెప్పినా వినేవాడు కాదులెండి.

#35 అనకాపల్లి_అరుణ · 16 జనవరి 2024
కాబిల్ అర్జెంటీనాలో సంతకం పెట్టింది! కతమార్కా రాష్ట్రంలో ఐదు బ్లాకులు, 15,703 హెక్టార్లు, ప్రాజెక్టు ఖర్చు దాదాపు 200 కోట్లు. ఉప్పునీళ్ల లిథియం, అంటే వెంకట్‌గారు చెప్పిన నలిగిన దారి. ప్రభుత్వానికి కశ్మీర్ మీద అంత నమ్మకం ఉంటే అర్జెంటీనా దాకా ఎందుకు వెళ్తుంది అని అడక్కండి, రెండూ కావాలి. నా నాల్కో థియరీ ఇంకా బతికే ఉంది.

#36 ఫ్రిస్కో_వెంకట్ · 16 జనవరి 2024
అర్జెంటీనాది కూడా అన్వేషణే అరుణగారూ, ఉత్పత్తి కాదు. కానీ ఒప్పుకుంటాను, ఎంచుకోమంటే నేనూ అదే ఎంచుకుంటాను.

#37 సీఏ_శ్రీధర్ · 14 మార్చి 2024
రియాసీ వేలం నిన్న రద్దయింది. రూల్ ప్రకారం మొదటిసారి కనీసం ముగ్గురు అర్హులైన బిడ్డర్లు ఉండాలి. అంతమంది రాలేదు.

#38 ఖమ్మం_కుర్రాడు · 14 మార్చి 2024
ముగ్గురు కూడా రాలేదా? మా ఊరి చేపల చెరువు వేలానికే పన్నెండు మంది వస్తారు.

#39 మార్కెట్_మామయ్య · 14 మార్చి 2024
ఇదొక ఎత్తుగడ అయ్యుండొచ్చు. పెద్దవాళ్లు మొదటి రౌండ్‌లో కావాలని దూరంగా ఉంటారు. మళ్లీ వేస్తే పోటీ తగ్గుతుంది, ప్రభుత్వానికి తక్కువ శాతం వాటా ఇచ్చి కొట్టేయొచ్చు.

#40 సీఏ_శ్రీధర్ · 14 మార్చి 2024
మామయ్యగారూ, ఈసారి మీ ఎత్తుగడ పరీక్షకి నిలబడుతుందో లేదో త్వరలోనే తెలుస్తుంది. మూడో విడతలో ఈ బ్లాకుని మళ్లీ పెట్టారు. రెండోసారి ముగ్గురి నిబంధన అడ్డు రాదు, ఒక్కడు అర్హుడు వచ్చినా ముందుకెళ్లొచ్చు. కొట్టేయాలనుకున్నవాడికి ఇంతకంటే ఖాళీ మైదానం దొరకదు.

#41 హవల్దార్_సత్తిబాబు · 15 మార్చి 2024
నిరుడు ఫిబ్రవరిలోనే ఓ ఉగ్రవాద సంస్థ బెదిరింపు లేఖ వదిలింది, కశ్మీర్ వనరులు తీసుకెళ్లే కంపెనీల మీద దాడి చేస్తామని. టెండర్ చదివేవాడికి ఇది కూడా గుర్తుంటుంది. ఇదొక్కటే కారణం అనను, 3,400 టన్నులు 34 వేల టన్నులైతే ఆ భయానికీ ఒక రేటు కట్టి వచ్చేవాళ్లు.

#42 తుగ్గలి_రాజు · 26 జూన్ 2024
ఛత్తీస్‌గఢ్ కట్ఘోరా బ్లాకు పోయింది చూశారా? కోర్బా జిల్లా. లిథియం, అరుదైన ఖనిజాలు. 76.05 శాతానికి పాడుకున్నారట.

#43 పెన్నీ_పులి · 26 జూన్ 2024
ఎవరు ఎవరు ఎవరు?

#44 సీఏ_శ్రీధర్ · 26 జూన్ 2024
మైకీ సౌత్ మైనింగ్ ప్రైవేట్ లిమిటెడ్. మీ లిస్టులో లేదు, నా లిస్టులో లేదు, మామయ్యగారి ముప్పై ఏళ్ల అనుభవంలోనూ లేదు. ప్రైవేట్ లిమిటెడ్, షేరు కొనే వీల్లేదు. 76 శాతం అంటే తెలుసుగా, వంద రూపాయల ఖనిజం గని దాటితే 76 రూపాయలు రాష్ట్రానికి. రాయల్టీ అదనం.

#45 విజయనగరం_సుజాత · 26 జూన్ 2024
మిగతా 24 రూపాయల్లో తవ్వాలి, శుద్ధి చేయాలి, లాభం కూడా చూసుకోవాలా? ఎలా కుదురుతుంది?

#46 బండ్లగూడ_రాళ్లు · 27 జూన్ 2024
మంచి ప్రశ్న. కట్ఘోరా జీ4లోనే ఉంది, రియాసీ కంటే ఒక మెట్టు కింద. అందుకే ఇచ్చింది కాంపోజిట్ లైసెన్స్. ముందు అన్వేషించు, దొరికితే లీజు తీసుకో. పాడుకున్నవాడు కొన్నది గని కాదు, వెతికే హక్కు. అయినా నేల చదును, బొగ్గు గనుల ఇలాకా, రైలు, కరెంటు, మనుషులు అన్నీ పక్కనే. రియాసీకి లేనివన్నీ అక్కడున్నాయి.

#47 అనకాపల్లి_అరుణ · 23 జూలై 2024
రియాసీ రెండోసారీ రద్దు. అర్హత ఉన్న బిడ్డర్ తేలలేదు. మామయ్యగారూ, కొట్టేయడానికి పెద్దవాళ్లెవరూ రాలేదండీ.

#48 మార్కెట్_మామయ్య · 23 జూలై 2024
సరేనమ్మా, నీ నాల్కో వచ్చిందా?

#49 అనకాపల్లి_అరుణ · 23 జూలై 2024
17ఎ కింద రిజర్వ్ చేస్తే రావాల్సిందే, ఇష్టం ఉన్నా లేకపోయినా. వేలం రెండుసార్లు పోయింది కాబట్టి ఇప్పుడే ఆ దారికి అర్థం ఉంది.

#50 సీఏ_శ్రీధర్ · 23 జూలై 2024
వస్తే నాల్కో షేర్‌హోల్డర్‌గా మీరు సంతోషించాలా, ఏడవాలా? ఎవరూ వద్దన్నదాన్ని బలవంతంగా అంటగడితే షేరు పెరుగుతుందా? ఈ థ్రెడ్ మొత్తంలో "ఎవరికి దక్కుతుంది" అని అడిగాం, "దక్కినవాడికి ఏం మిగులుతుంది" అని రాళ్లుగారు, సత్తిబాబుగారు తప్ప ఎవరూ అడగలేదు.

#51 అనకాపల్లి_అరుణ · 23 జూలై 2024
అన్నిటికీ లాభనష్టాల లెక్కేనా? రేపు చైనా సరఫరా ఆపితే 2 వేల కోట్లు కాదు, ఎంతైనా పెడతారు. తుమ్మలపల్లె యురేనియం లాభం చూసుకునే తవ్వుతున్నారా?

#52 బండ్లగూడ_రాళ్లు · 24 జూలై 2024
ఇద్దరి మాటా వదిలేసి నేల సంగతి చూస్తే, చేయాల్సింది ఒకటే. మళ్లీ బోర్లు వేయడం. కేంద్రం కూడా అక్కడ ఇంకొంత అన్వేషణ చేయించాలనే చూస్తోందంటున్నారు. జీ2కి వెళ్తే 3,400 టన్నులు పెరగొచ్చు, తగ్గొచ్చు. దాంతోపాటు ఆ మట్టి నుంచి లిథియం ఏ పద్ధతిలో వేరవుతుందో ల్యాబ్‌లో తేల్చి ఆ రిపోర్టు టెండర్‌తో పాటు ఇవ్వాలి. అది లేకుండా మూడోసారి వేలం పెట్టినా ఇదే ఫలితం.

#53 ఖమ్మం_కుర్రాడు · 24 జూలై 2024
నిన్న బడ్జెట్లో లిథియం మీద కస్టమ్స్ సుంకం తీసేశారు కదా, దాని సంగతేంటి?

#54 సీఏ_శ్రీధర్ · 24 జూలై 2024
25 కీలక ఖనిజాల మీద పూర్తిగా ఎత్తేశారు, లిథియం అందులో ఉంది. బయటి సరుకు ఇంకా చవకైంది, రియాసీ ఇంకా కష్టమైంది. లాభపడేది తవ్వేవాళ్లు కాదు, బ్యాటరీ సెల్ తయారు చేసేవాళ్లు. మహబూబ్‌నగర్ దివిటిపల్లిలో అమర రాజా 9,500 కోట్ల ప్లాన్ ఉంది చూడండి, వాళ్లకి ముడిసరుకు కశ్మీర్ నుంచి వచ్చినా చిలీ నుంచి వచ్చినా ఒకటే.

#55 పెన్నీ_పులి · 24 జూలై 2024
అమర రాజాకి వేరే థ్రెడ్ ఉందా?

#56 మోడరేటర్ · 24 జూలై 2024
ఉంది, బ్యాటరీల విభాగంలో. సెల్ కంపెనీల చర్చ అక్కడ చేయండి. దీన్ని మూయడం లేదు, జీఎస్‌ఐ కొత్త రిపోర్టు వస్తే ఇక్కడే రాయండి.